టైడా దాటాక వచ్చే మోత

అరకు దారిలో టైడా దాటి ఘాట్ ఎక్కడం మొదలవగానే నా పాతకాలం కారు ఇంజన్లో టకటకమని మోత. కింద షెడ్డులో రెండుసార్లు విప్పించాను. చదును రోడ్డు మీద మాత్రం కిక్కురుమనదు. విసిగిపోయి ముసలి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని కొండకే తీసుకొచ్చాను. మోత మొదలైంది. ఆయన బానెట్ ఎత్తమనలేదు, నా చేతినే చూస్తున్నాడు.

“ఏమిటది? బేరింగులు పోయాయా?” అన్నాను.

“బండికేటీ అవనేదు బాబూ. ఇంత ఎత్తులోన టాప్ గేర్లో లాగిత్తే కొట్టుకోదేటి? దించండి.”

రెండో గేరుకి దించాను. మోత ఆగింది. ముందు కాఫీ బస్తాల ఆటో పాకుతోంది. ఆ నెమ్మదికి నాకు ఒళ్ళు మండింది. రెండు మలుపులు ఓర్చుకున్నాను. మూడో మలుపులో చెయ్యి మళ్ళీ గేరు రాడ్డు మీదికి పోయింది.

మేస్త్రి రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నా చేతి మీద తన చెయ్యి వేశాడు. అరకు చేరేదాకా తియ్యలేదు.