దేవుడి దూడ

మా పైవాటాలో అద్దెకున్న అమ్మాయి నిన్న స్టీలు గిన్నెలో జున్ను తెచ్చి ఇచ్చింది. మూత తీయగానే మిరియాల ఘాటు, బెల్లం వాసన వచ్చాయి గాని, వాటి అడుగున ఉండవలసిన వాసన, అప్పుడే ఈనిన గేదె పొదుగు దగ్గర ఉండే వెచ్చని, కాస్త వెగటైన వాసన మాత్రం లేదు. పొడి కలిపి చేశానని ఆ అమ్మాయే చెప్పింది. అమలాపురంలో మా వీధిలో గేదె ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు కనక అందులో ఆమె తప్పేమీ లేదు. తీపి సరిగ్గానే ఉంది, ఆ మాటే చెప్పాను.

ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కావడం వల్ల ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో తారుమారైతే నాకు కుదురుండదు. మా చిన్నప్పుడు గేదె గుళ్లోకి వచ్చిన సంగతి చెప్పినప్పుడల్లా మా తమ్ముడు అది ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడంటాడు. కాదు. ఈస్టరు అయిన తరవాతి ఆదివారం. అందుకని వరసగా రాస్తున్నాను.

ముక్తేశ్వరానికి దగ్గర్లో, కాలవగట్టు వారన ఉండేది మా పేట. చలి తగ్గి, తెల్లవారుజామున కప్పుకున్న దుప్పటి కాళ్ల దగ్గరికి జారే రోజులు వచ్చేసరికి కొబ్బరితోటల మధ్య ఒంటరిగా నిలబడ్డ మామిడిచెట్లు పూతకు వచ్చేవి, ఆ పూత రాలి వాకిలంతా జిగురుగా అరికాళ్లకు అంటుకునేది. మినపచేలు పీకి కళ్లాల్లో ఆరబోసిన వాసన, దాళ్వా వరిచేలు పాలు పోసుకునే వాసన, వేపపూత చేదు వాసన ఒకదాని తరవాత ఒకటి వచ్చేవి. పిల్లలం కొబ్బరాకుతో గడియారాలు చేసి ముంజేతులకు కట్టుకునేవాళ్లం, ముంజలు తినేసిన తాటికాయలకు పుల్ల గుచ్చి బండ్లు చేసి గట్టంతా తోలేవాళ్లం. మాకు వసంతమంటే శ్రమదినాలు కూడా. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ సాయంత్రం ఒక్కొక్కరింట ప్రార్థన జరిగేది, అది ముగిశాక తలా గుప్పెడు శనగ గుగ్గిళ్లు పెట్టేవారు. గుడ్‌ఫ్రైడే నాడు పొద్దుగూకేదాకా గంజి తప్ప ఏమీ ఉండేది కాదు. ఈస్టరు ఉదయం పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, నాటుకోడి కూర. మధ్యలో ఉన్న ఆకలి వల్ల కాబోలు, ఆ కూర రుచి ఇప్పటికీ విడిగా గుర్తుంది.

మా నాన్నగారి తల్లిని మామ్మ అనేవాళ్లం. ఆవిడ పేరు ఎస్తేరమ్మ. చదువు రాదు. గుళ్లో విన్న ప్రసంగాలన్నీ వచ్చు. నిద్ర లేవగానే ముందు కోళ్లగంప ఎత్తి ఒక్కొక్క కోడినీ పలకరించి, మేకల దగ్గరికి వెళ్లి, కుక్కకు రాత్రి మిగిలిన అన్నం వేసి, ఆ తరవాత గాని మనుషులతో మాట్లాడేది కాదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు కాలవకు అవతల కామందుల ఇంట్లో పేడ తీసింది, పాలు పితికింది, పొదుగు చూసి ఏ గేదె ఎన్నాళ్లకు ఈనుతుందో చెప్పేది. తాతగారు ఆ ఇంటి పాలేరు. నాన్నగారు బడిపంతులయ్యాక మా ఇంటికి పెంకు కప్పు, కుర్చీ, గోడగడియారం వచ్చాయి గాని సొంత పాడి రాలేదు. జీవితమంతా పరాయి గేదెల పాలు పితికిన మనిషికి, తన గుమ్మం ముందు తనదైన గేదె ఒకటి ఉండాలన్నది ఒక్కటే కోరిక. ఆ మాట ఆవిడ దాచుకోలేదు.

అందుకే పాలికి ఒక పడ్డను తెచ్చుకుంది. ఇంకా ఈనని ఆడగేదెను మా వైపు పడ్డ అంటారు. పాలికి ఇవ్వడమంటే, ఉన్నవాళ్లు తమ పడ్డను లేనివాళ్లకు పెంచమని ఇస్తారు. మేత, కుడితి, చాకిరీ పెంచేవాళ్లవి. అది ఈనాక గేదె సొంతదారులకు తిరిగి వెళ్లిపోతుంది, తొలిచూలు దూడ పెంచినవాళ్లకు దక్కుతుంది. దూడ పాలు మరిచేదాకా తల్లి దగ్గరే ఉండి, ఆ తరవాత ఇంటికొస్తుంది. ఎవరూ కాగితం రాసుకోరు. కామందు గారి భార్య సుభద్రమ్మగారు ఆ పడ్డను మామ్మకు అప్పగిస్తూ దాని పేరు గౌరి అని చెప్పారు. మామ్మ "ఆయ్" అంది గాని మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాన్ని నల్లదానా అనే పిలిచింది. పేటలో ఇంటింటికీ తిరిగి బియ్యం కడిగిన నీళ్లు, గంజి తెచ్చి తవుడు కలిపి పెట్టేది. కాలవలో దింపి కొబ్బరిపీచుతో రుద్ది కడిగేది. మాకెవరికీ అంత శ్రద్ధగా తలంటలేదు.

నల్లది చూలుతో ఉండి, ఈనడానికి కొద్ది వారాలే ఉందనగా, శ్రమదినాల్లో ఒక ఉదయం తాడు ఊడదీసుకుని మంచుకు తడిసిన పిల్లిపెసర చేలో పడి కడుపు నిండా మేసేసింది. మేం చూసేసరికి ఎడమ డొక్క డప్పులా ఉబ్బి, నాలుక బయటపెట్టి, పాకలో కూలబడి ఉంది. నాన్నగారు తల ఎత్తి పట్టుకున్నారు, అమ్మ వాము కాచిన నూనె వెదురుగొట్టంతో గొంతులో పోసింది. మామ్మ పేడలోనే మోకాళ్ల మీద కూర్చుని, అందరికీ వినబడేటట్టు, "ప్రభువా, ఇది పరాయివాళ్ల సొత్తు. నా చేతిలో పోనియ్యకు. దీని తొలిచూలు నీకిచ్చేస్తాను" అంది. అమ్మ గొట్టం వదలకుండానే నాన్నగారి వైపు చూసింది.

మధ్యాహ్నానికి గేదె లేచి నిలబడింది. సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మ మాట మొదలుపెట్టింది.

"అత్తయ్యగారండీ, కోడిపెట్టనిస్తానన్నా సరిపోయేది కదండీ."

"గేదె ప్రాణానికి కోడిపెట్టా? నువ్వయితే పుచ్చుకుంటావా?"

"పోనీ మేక ఉంది కదండీ."

"నువ్వు దేవుడివయితే నీకు మేకే ఇద్దును" అంది మామ్మ.

నాన్నగారు గోడకు ఆనుకుని, "దున్నదూడ పుడితే గొడవే ఉండదు" అన్నారు. దున్నదూడ వల్ల ఇంటికి పాలు రావు కనక ఇచ్చేసినా బాధ లేదని ఆయన లెక్క. ఆ తరవాత జరిగిన ఇంటింటి ప్రార్థనల్లో మా ఇంట్లోవాళ్లు కళ్లు మూసుకుని దేనికోసం అడుగుతున్నారో నాకు తెలుసు. నేనూ దానికోసమే అడిగాను.

ఈస్టరు ఉదయం మేం గుడి నుంచి వచ్చేసరికి నల్లది ఈనింది. పెయ్యదూడ. నుదుట చిన్న తెల్ల మచ్చ, తడిసిన చెవులు, నిలబడబోయి పడిపోయే కాళ్లు. నాన్నగారు దాన్ని చూసి చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లి చాలాసేపు అక్కడే ఉండిపోయారు. దానికి పేరు పెట్టొద్దని మామ్మ చెప్పింది గాని మా తమ్ముడు అప్పటికే కానుక అని పిలవడం మొదలెట్టాడు. తొలిచూలు ఏడు రోజులు తల్లి దగ్గరుంచి ఎనిమిదో నాడు ఇచ్చెయ్యాలని మామ్మ ఎప్పుడో ప్రసంగంలో విని ఉంది. పుట్టిన రోజుతో కలిపి లెక్కపెడితే ఎనిమిదోది ఆ వచ్చే ఆదివారమే. మా తమ్ముడు ఒప్పుకోని లెక్క ఇదే.

ఆ ఆదివారం మామ్మ దూడకు బంతిపూల దండ వేసి, గుళ్లోకి ఎత్తుకొచ్చి, కానుకలు పెట్టే చోట గుమ్మడికాయల పక్కన స్తంభానికి కట్టింది. ప్రసంగం సగంలో ఉండగా దూడ ఆకలేసి అరిచింది. అరుపు మా పాకదాకా వినబడిందో లేదో చెప్పలేను గాని, కాసేపటికి గుమ్మానికి ఏదో అడ్డమొచ్చి చీకటైంది. తిరిగి చూస్తే మెడలో తెగిన తాడుతో నల్లది. ఆడవాళ్ల చాపలకూ మగవాళ్ల చాపలకూ మధ్య ఉన్న దారిలో, ఎవరినీ తొక్కకుండా, తిన్నగా నడిచి వెళ్లి దూడను నాకుతూ నిలబడింది.

ముందు వరసలో ఒక ముసలాయన, "గేదె కూడా కానుకల్లోకి వచ్చేసిందండి అయ్యగారూ" అన్నాడు. పాస్టరు అయ్యగారు పుస్తకం మూశారు.

ఈలోగా ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, సుభద్రమ్మగారు వంతెన దాటి వచ్చి గుడిమెట్ల కింద ఆగారు. ఆవిడ మా పేటలోకి రావడమే అరుదు.

"ఎస్తేరూ, గేదె నాది, దూడ నీది. నీ దూడ నా గేదెని మీ గుళ్లోకి లాక్కొచ్చేసింది."

"దూడ నాది కాదండి. దేవుడికిచ్చేసేనండి."

"నేను కాదన్నానా? రేపు గేదెని మా పాకకు తోలుకెళ్తాను. దూడ వచ్చి కుమ్మకపోతే అది ఎలా చేపుతుందో మీ అయ్యగారినే చెప్పమను."

దూడ మూతి తగిలితే గాని గేదె పొదుగులోకి పాలు దించదు. దాన్నే చేపడం అంటారు. ఎన్నో గేదెలను పితికిన మామ్మకు అది తెలియనిది కాదు. మొక్కు తీర్చాలన్న తొందరలో ఆలోచించలేదు. అయ్యగారు కూడా పాలేరు ఇంట పుట్టినవారే. "చేపదండి, నిజమే" అని ఒప్పుకుని, కానుక దేవుడికి అందిందనీ, పాలు మరిచేదాకా అది తల్లితోపాటు సుభద్రమ్మగారి పాకలో ఉంటుందనీ చెప్పి ప్రార్థన చేశారు.

ప్రార్థన అయ్యేదాకా ఆగి సుభద్రమ్మగారు, "నా పాకలో ఉంటే నా పద్ధతే. శుక్రవారం నా పశువులన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడతాను, దీనికీ పెడతాను" అన్నారు.

"పెట్టండమ్మగారూ. ఆదివారం పొద్దున్న నేనొచ్చి కడుక్కుంటాను" అంది మామ్మ.

అలాగే చేశారు. ఇద్దరిలో ఎవరూ ఒక్క వారం మానలేదు.

మరుసటి వసంతానికి దూడ పాలు మరిచింది. అయ్యగారింటికి తోలుకెళ్లి కట్టేశారు. అది తాడు అందినంతమేర పాస్టరమ్మగారి చేమంతులు, గోరింట, ఆరేసిన ఒక జాకెట్టు తినేసింది. వేలం వేసేద్దామని సంఘపెద్దలు గుళ్లో కూర్చున్నారు. కానుకల్ని వేలం వెయ్యడం మాకు అలవాటే. మామ్మ వెనక చాప మీద తల వంచుకుని కూర్చుంది. దూడ ఊరు దాటిపోతుందని మాకందరికీ అర్థమైంది. అప్పుడు అయ్యగారు, "వేలం ఎందుకండీ, పాలికి ఇద్దాం. గేదె దేవుడిది, తొలిచూలు పెంచినవాళ్లది. ఎస్తేరమ్మగారూ, మీరు పుచ్చుకుంటారా?" అన్నారు.

"ఆయ్" అంది మామ్మ.

ఇంటికొచ్చాక అమ్మ, "కుడితి కలపడం మళ్లీ మొదటికొచ్చింది" అంది గాని, ఆ సాయంత్రమే పాకలో కొత్త గుంజ పాతించింది.

నేను హైస్కూలుకు వెళ్లే నాటికి కానుక చూలుతో నిండుగా ఉంది. అదీ శ్రమదినాల్లోనే. నొప్పులు మొదలయ్యాక చాలాసేపటికి గాని దూడ కాళ్లు కనబడలేదు. కనబడ్డాక ముందుకు రాలేదు. గేదె మూలుగుతోంది. నాన్నగారు చొక్కా విప్పి చేతులకు నూనె రాసుకుంటున్నారు. మామ్మ మెల్లగా మోకాళ్ల మీదికి వంగుతుండగా అమ్మ చూసింది. వంటింట్లోకి పరిగెత్తి నిమ్మకాయంత బెల్లంగడ్డ తెచ్చి ఆవిడ నోట్లో పెట్టేసింది.

"అత్తయ్యగారండీ, ఇది కరిగేదాకా మీరొక్క మాట కూడా మాట్లాడకండి. మీకు దణ్ణం పెడతాను."

మామ్మ బుగ్గ ఉబ్బి, కళ్లు పెద్దవై, మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. నాన్నగారు లాగారు. దూడ బయటికొచ్చి పడింది. పెయ్యదూడ. అమ్మ దాని మూతి తుడిచి, బతికే ఉందని చూసుకుని, పాకగుంజకు ఆనుకుని కూర్చుంది. మామ్మ మిగిలిన బెల్లం మింగింది.

"నోటితో ఏమీ అనలేదే అమ్మాయ్" అంది.

అమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. మనసులో ఏమన్నారని అడగబోయి మానేసింది.

కానుక మాట ప్రకారం సంఘానికి తిరిగి వెళ్లింది. ఆ దూడ మాది. ఎవరికీ ఇవ్వలేదు. అది పెరిగి ఈనాక మా గుమ్మం ముందే కట్టేశాం, మా చదువులన్నీ దాని పాల మీదే సాగాయి. అయితే ప్రతి ఉదయం పితకగానే, మేం గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగానే, మామ్మ తొలిచెంబు తీసుకుని పేట చివర కళ్లు కనబడని ఒక ముసలావిడ ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చేది. తను నడవలేని రోజులు వచ్చాక ఆ చెంబు అమ్మకు అందించింది. అమ్మ ఎందుకని అడగలేదు. ఆ ముసలావిడ పోయాక మరో ఇల్లు చూసుకుంది.

మొన్న మట్టలాదివారానికి మా పేటకు వెళ్లాను. గుడి నుంచి కాలవగట్టుదాకా నడిచి చూశాను. పాక ఒక్కటీ లేదు, పాకలున్న చోట మోటారుసైకిళ్లకు రేకుల షెడ్లు వేశారు. కాలవ అవతల సుభద్రమ్మగారి పశువులు మేసిన పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. పాలికి ఇవ్వడమంటే ఏమిటో నా మనవరాలి వయసు వాళ్లకు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. గుళ్లో పాలరాయి పరిచారు, ఫ్యాన్లు, కూలర్లు పెట్టారు. కానుకలు అందరూ కవర్లలో పెట్టి, మీద పేరు రాసి, పెట్టెలో వేస్తున్నారు. నేనూ అలాగే వేశాను. అది శుభ్రంగానే ఉంది, ప్రసంగానికి అడ్డు రాదు. కవరు ఆకలేసి అరవదు, తాడు తెంపుకుని దాని వెనక ఎవరూ రారు.