రోజుకు రెండు కుండల నీళ్లు

నేను మోస్తున్న బరువు పెద్దదేం కాదు. రెండు కుండల నీళ్లంత. కాకపోతే ఇన్నేళ్లూ దించలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు నేను ఎల్లారెడ్డి బడిలో పంతుల్ని. హైదరాబాదులో కాలేజీ చదువు చదివాను. ఆ సంగతి ఊళ్లో ఎవరైనా మరిచిపోతే గుర్తుచేసేవాణ్ణి. అద్దె ఇంటి ముందు బోడి మొరం నేల. గాలి లేస్తే ఎర్రదుమ్ము అన్నంలో పడేది. పక్కింటి బాలవ్వకు చెప్పుకున్నాను. ఆమె చేతివాసి మంచిదని ఊరి నమ్మకం. విత్తే రోజు రైతులు మొదటి పిడికెడు గింజలు ఆమె చేతనే వేయించేవారు. కూలికి పోయే మనిషికి ఏడాదిలో ఆ ఒక్కరోజు పెద్దరికం.

ఆఖరి వానలకు బాలవ్వ గట్ల మీది విష్ణుక్రాంతం తెచ్చి నాటింది. నేలను కరుచుకుని పాకే మొక్క, చిన్న నీలిపూలు. "ఇగ ముట్టకున్రి పంతులూ. నీళ్లు అసలే వద్దు. దానంతటదే బతుకుతది" అని, బిడ్డ కాన్పుకు పిట్లం పోయింది.

నేను పోశాను. రోజుకు రెండు కుండలు. దయతోనా? అలాగని చెప్పుకోగలిగితే బాగుండేది. మొక్కకు నీళ్లు వద్దని చదువురాని మనిషి చెబితే చదువుకున్నవాడు ఊరుకుంటాడా? ఆమె వచ్చేసరికి రెట్టింపు పచ్చదనం చూపించి, ఏమీ అనకుండా నవ్వాలని నా కోరిక. జానెడు లోతున బండ ఉందని నాకు తెలియదు. నీళ్లు దిగలేదు. ఒక మొక్క పీకి చూస్తే వేరు నల్లగా కుళ్లింది. అన్నీ పీకి గోడ అవతల పారేశాను. నేల ఆరాక ఊడ్చాను కూడా. శుభ్రంగా పనిచేసే అలవాటు.

బాలవ్వ వచ్చి ఆ నేల ముందు కూర్చుంది.

"నీళ్లు గిట్ల పోసిన్రా పంతులూ?"

"లేదే. ఎండిపోతే తీసేసిన."

ఆమె అరచేయి తిప్పి చూసుకుంది. "అయితే నా చెయ్యే చెడ్డది."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? బడిలో అందరినీ నవ్వించే నోరే. దానితో బడికి వేళైందని మాత్రం అన్నాను.

నా అబద్ధం నేను ఒక్కరికే చెప్పాను. దాన్ని నిజమనుకుని బాలవ్వే ఊరంతా చెప్పింది, చెడ్డ చేత్తో ఇంకొకరి గింజ ముట్టకూడదని. తొలకరికి ఆమెను ఎవరూ పిలవలేదు. తన అరెకరం చెల్కలో కూడా మొదటి పిడికెడు కోడలి చేత వేయించి, తను చేతులు కొంగులో చుట్టుకుని గట్టు మీద నిలబడింది. బడికి పోతూ చూశాను. "ఏం బాలవ్వా, విత్తనాలా?" అని పలకరించాను కూడా.

ఆ వానల్లోనే గోడ అవతల, నేను పారేసినచోట, నాలుగు తీగలు పాకి నీలిపూలు పూశాయి. అక్కడ ఎవరూ నీళ్లు పోయలేదు. పిలిచి చూపిస్తే చాలు. అటువైపు కిటికీ మూసుకున్నాను. ఆ తర్వాత కామారెడ్డికి బదిలీ అయింది. ఆమె పోయిన కబురు అక్కడే విన్నాను.

ఆమె చెయ్యి మంచిదే. నీళ్లు పోసింది నేను. ఇంత చిన్న మాట. రాసి చూస్తే ఒక వరుస కూడా నిండలేదు.