సాలూరు అమ్మాయి ఏ క్లబ్బు తరఫున?

జిల్లా ఫెన్సింగ్ శిక్షకురాలిగా నేను పదవీ విరమణ చేయడానికి ముందు ఏడాది, విజయనగరంలో జరిగిన క్లబ్బుల పోటీలకు నన్ను నిర్వహణాధికారిగా వేశారు. క్రీడాకారుల పేర్లు ఖరారు చేయడం, తగాదాలు తీర్చడం నా బాధ్యత.

మొదటి ఉదయమే ఒక అమ్మాయి పేరు రెండు క్లబ్బుల నుంచి వచ్చింది. గ్రేసు సాలూరు లారీ డ్రైవరు కూతురు. విజయనగరంలో అప్పలనాయుడు దగ్గర ఆట నేర్చుకుంది. ఏడాదిగా శ్రీకాకుళంలో కాలేజీ హాస్టల్లో ఉంటూ అక్కడి క్లబ్బులో సాధన చేస్తోంది. ఒక సీజనులో ఒక్క క్లబ్బుకే ఆడాలి. హాజరు గడువులోగా తేలకపోతే రెండు పేర్లూ కొట్టేయాలి.

లక్ష్మి, పావనిల తర్వాత అప్పలనాయుడికి ఆమె మూడో మనిషి. ముగ్గురు లేనిదే జట్టును పోటీకి తీసుకోరు. శ్రీకాకుళం కోచ్ రమణమూర్తికి ఆమె లేకపోయినా జట్టుంది. ఉంటే పతకం వస్తుందని ఆశ.

ఇద్దరూ నా బల్ల ముందు నిలబడ్డారు.

"కత్తి ఎలా పట్టాలో నేర్పింది నాను, మేడమ్. ఇప్పుడేటి, పరాయిదైపోతాదా?" అన్నాడు అప్పలనాయుడు.

"రోజూ ఆడిస్తన్నదెవరో దాన్నే అడగండి," అన్నాడు రమణమూర్తి.

గ్రేసు తల ఎత్తలేదు. పక్కనున్న తండ్రి "సెప్పమ్మా, టైమైపోతంది" అంటున్న కొద్దీ ఆమె పెదవులు మరింత బిగుసుకున్నాయి. గడువు దగ్గర పడుతోంది. నేను లేచి, ఆమెను కత్తులు తనిఖీ చేసే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"నాయుడు సారు ఎదర నాకు నోరు రాదు, మేడమ్. శ్రీకాకుళానికే ఆడతాను. రోజూ ఆలతోనే ఆడతన్నాను. కానీ నా వల్ల లచ్చిమీ, పావనీ టీము లేకుండా కూకుంటారు," అంది.

అయితే నిర్ణయం మార్చుకుంటావా అని అడిగాను.

"మార్చుకోను."

నిర్ణయం బయట ప్రకటించాను. లక్ష్మీ, పావనీ గ్రేసు వైపు కోపంగా నడిచారు. అప్పలనాయుడు అడ్డుపడి, "దాన్నేటీ అనకండి. ఎల్లి కత్తులు సూసుకోండి," అన్నాడు.

వ్యక్తిగత పోటీల తొలి దశలో ఒకే క్లబ్బు వాళ్లను వీలైనంతవరకు వేరువేరు గ్రూపుల్లో వేస్తారు. ఇప్పుడు క్లబ్బులు వేరు కావడంతో గ్రేసు, లక్ష్మి ఒకే గ్రూపులో పడ్డారు. నాలుగు నాలుగు దగ్గర స్కోరు ఆగింది. గ్రేసు ముందుకు దూకే అలవాటు లక్ష్మికి తెలుసు. అరడుగు వెనక్కి వేసి గ్రేసు మణికట్టు మీద తాకింది. దీపం లక్ష్మి వైపే వెలిగింది, గెలుపు పాయింటు ఆమెదే. మాస్కులు తీసి కరచాలనం చేసుకున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

జట్టు పోటీలో శ్రీకాకుళానికి కాంస్యం వచ్చింది. అప్పటికి అప్పలనాయుడు లక్ష్మి, పావనిలతో వెళ్లిపోయాడు.

నా ఉద్యోగంలో మిగిలిన ఆ ఏడాదిలోనూ అటువంటి తగాదాలు వచ్చాయి. ప్రతిసారీ ముందు క్రీడాకారుల మాట విడిగా విన్నాను, కోచ్‌ల వాదన ఆ తర్వాతే. నేర్పినవాళ్ల ఎదుట నిలబెట్టి అడిగితే వచ్చే జవాబు మొహమాటానిదే తప్ప ఆటగాళ్లది కాదు.