గోల్ పడితే ఆమె వైపు చూశాం

మ్యాచ్ చూస్తూ మీరు సోఫా మీంచి లేస్తే వికెట్ పడుతుందని నమ్ముతారా, లేదా? నిజం చెప్పండి. "ఛ, అదంతా సరదాకి" అంటారని తెలుసు. మరి మీ బావమరిది మంచినీళ్ల కోసం లేవబోతే "కదిలావంటే చంపుతా" అని అరిచిందెవరు? మనవాళ్లు కొట్టిన సెంచరీల్లో కొన్నయినా మీరు మూత్రం ఆపుకోవడం వల్లే వచ్చాయని మీ మనసులో ఒక మూల గట్టి నమ్మకం ఉంది. ఆ మూల గురించే నేను రాస్తున్నాను. నాకూ ఆ మూల ఉందని చాలా ఆలస్యంగా, చాలా సిగ్గుగా తెలిసింది.

అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక బేస్‌మెంట్ ఉంది. ఇంటాయన రిటైరైన గుండె డాక్టరు. అక్కడికి ప్రతి వారం వచ్చేవాళ్లలో ఒకాయన కార్లకు గేర్‌బాక్సులు డిజైన్ చేసి రిటైరైన వరంగల్ ఇంజినీరు. ఇంకొకణ్ణి నేను. బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయో కారణం కనిపెట్టడం నా ఉద్యోగంగా ఉండేది. నాలుగో మనిషి పాథాలజిస్టు. కణాలను స్లైడు మీద పెట్టి చూసి, ఉన్నది ఏ జబ్బో తేల్చే పని ఆమెది. మా అందరికంటే పెద్దది కాబట్టి అక్కయ్య అంటాం. మా నలుగురి డిగ్రీలూ కలిపితే ఒక చిన్న కాలేజీ పెట్టొచ్చు. అంత చదువుకున్న మేము ఆ బేస్‌మెంట్‌లో కూర్చుని చూసేది స్పెయిన్‌లో ఒక పల్లెటూరి ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్‌లు.

అదెలా తగులుకుందో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట అక్కయ్య, ఆమె భర్త స్పెయిన్ టూరుకి వెళ్లారు. ఆలివ్ తోటల మధ్య ఒక ఊళ్లో వాళ్ల బస్సు చెడిపోయింది. చూడదగ్గవి రెండే, చర్చి, మ్యూజియం. రెండూ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నది ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే. సగం ఆట అయిపోయింది, ఇక టికెట్ ఎందుకని గేటు దగ్గరి ముసలాయన లోపలికి తోలేశాడట. ఒక పక్క గ్యాలరీ, మరో పక్క గోడ. గోడ అవతల మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ కూడా ఆరేస్తూ ఆరేస్తూనే రిఫరీని తిడుతోందట. బస్సు బాగయ్యాక అక్కయ్య భర్త ఎక్కనని మొండికేశాడు. చివరికి మెడలో ఆ క్లబ్ స్కార్ఫ్‌తో డెట్రాయిట్‌లో దిగాడు.

అప్పటికి ఆ క్లబ్ నాలుగో డివిజన్‌లో ఉంది. దాని మ్యాచ్‌లు ఇంటర్నెట్‌లో వచ్చేవి. ఒకటే కెమెరా, దానికి అడ్డంగా ఒక లైటు స్తంభం. ఎడమవైపు గోల్‌పోస్టు కనిపించేది కాదు. అటువైపు గోల్ పడిందా లేదా అన్నది జనం అరుపుల్ని బట్టి మేము ఊహించుకునేవాళ్లం. నిజానికి మేము మొదట్లో వెళ్లింది డాక్టరు గారింట్లో పెసరట్ల కోసం. అవి తింటూ తింటూ ఆ ఆటగాళ్లకు అలవాటు పడిపోయాం.

ఆ క్లబ్ మూడో డివిజన్‌కి ఎక్కింది. ఆ సంవత్సరమే అక్కయ్య భర్త పోయాడు. ఆమె రావడం మానలేదు. తర్వాత రెండో డివిజన్‌కి ఎక్కింది. కెమెరాలు పెరిగాయి, లైటు స్తంభం మాయమైంది. మాకు దాని మీద కొంచెం బెంగ కూడా పట్టుకుంది.

"దేవుడి దయ, ఇంకేముంది" అన్నాడు డాక్టరు.

"దేవుడికి స్పెయిన్ రెండో డివిజన్‌లో పనేమిటి?" అన్నాను నేను.

కారణం అక్కయ్య చెప్పింది. "అందరూ బంతిని చూస్తారు తమ్ముడూ. నువ్వు బంతి లేనివాణ్ణి చూడు. వీళ్లలో బంతి లేనివాడు ఎప్పుడూ నిలబడి ఉండడు." నేను ఒక నెల అలా చూశాను. నిజమే. పెద్ద క్లబ్బుల స్టార్లు నడుము మీద చేతులు పెట్టుకుని ఫొటో కోసం నిలబడినట్టు నిలబడుతుంటే, మావాళ్లు పక్కవాడు ఖాళీ చేసిన చోటికి పరుగెత్తుతున్నారు. ఒక పల్లెటూరి క్లబ్ పైకి రావడంలో ఉన్న మహత్యం అదే. మనలో ఎవరైనా అర్థం చేసుకోగలిగినది. కానీ అర్థమయ్యేది మనకు నచ్చదు.

క్లబ్ ఎక్కే కొద్దీ మా బేస్‌మెంట్ దిగజారింది. డాక్టరు గెలిచిన రోజు వేసుకున్న జెర్సీ ఉతకడం మానేశాడు. పెనాల్టీ వస్తే వరంగల్ ఇంజినీరు లేచి వెళ్లి మెట్ల మీద గోడకేసి తిరిగి నిలబడేవాడు. జీవితమంతా పళ్లచక్రాలతో గడిపినవాడు, తన వీపుకీ స్పెయిన్‌లో గోల్‌కీపరుకీ మధ్య ఏ గేరు ఉందో చెప్పలేకపోయాడు. అడిగితే "ఊకె అన్నా, మంచిగనే అయితాంది గదా" అనేవాడు. నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. "ఇదిగో, నాస్తికుడు మొదలుపెట్టాడు, వాల్యూమ్ పెంచు" అనేవాడు డాక్టరు. నాకూ సరదాగానే ఉండేది. కంపు కొట్టే జెర్సీ వల్ల ఎవరికి నష్టం, ముక్కుకి తప్ప?

ఈ వసంతంలో అక్కయ్యకి ఒక కంటికి కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాలూ క్లబ్ గెలిచింది. నాలుగో వారం వచ్చింది. ఓడింది.

"అక్కా, నువ్వొచ్చినవ్, గోల్ పడ్డది" అన్నాడు వరంగలాయన నవ్వుతూ.

"జింక్స్!" అన్నాడు డాక్టరు. అడుగుపెడితే ఆట పోతుందనుకునేవాళ్లని ఇక్కడ అలా అంటారు.

అందరం నవ్వాం. అక్కయ్యా నవ్వింది. ఆ తర్వాతి వారం మావాళ్లు ఒక గోల్ ఆధిక్యంలో ఉండగా, ఆమె కంటి చెకప్ నుంచి ట్యాక్సీలో నేరుగా రెండో సగానికి వచ్చింది. ఓడిపోయారు. ఈసారి ఎవరూ జోక్ వెయ్యలేదు. అప్పుడే నాకు తెలిసి ఉండాలి. మూఢనమ్మకం నవ్వుతున్నంత సేపు పిల్లి. నవ్వడం ఆపిందంటే పులి.

క్లబ్ ప్లేఆఫ్ ఫైనల్‌కి వచ్చింది. గెలిస్తే మొదటి డివిజన్. మేడ మీద బట్టలు ఆరేసుకుంటూ మ్యాచ్ చూసే ఊరికి, ప్రపంచం మొత్తం చూసే లీగ్. ఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు, రెంటిలో గోల్స్ కలిపి లెక్క. అక్కయ్యకి రెండో కన్ను ఇంకా చేయించలేదు కాబట్టి డ్రైవ్ చేయడం లేదు. ఆమెను తీసుకొచ్చేది నేనే. మొదటి మ్యాచ్ ముందురోజు డాక్టరు ఫోన్ చేశాడు.

"రేపు ఆమెను పికప్ చేయకు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు. ఈ ఒక్క వీకెండ్. నువ్వు ఇవన్నీ నమ్మవు కదా? నమ్మనివాడివి, నీకు పోయేదేముంది? నమ్మేవాళ్లం మేము, మాకోసం చెయ్యి."

ఈ వాదన అందం చూడండి. నా అపనమ్మకాన్నే నాకు తాడుగా కట్టి లాగాడు. కాలేజీ రోజుల్లో వితంతువు ఎదురొస్తే అపశకునమా అన్న విషయం మీద పోటీలో కాదని మాట్లాడి స్టీలు టిఫిన్ క్యారియర్ గెలుచుకున్నవాణ్ణి నేను. జవాబు తట్టకపోలేదు. తట్టింది. కానీ ఆ క్షణంలో నాకు క్లబ్ గెలవాలని ఉంది. "చూద్దాంలే" అన్నాను. అక్కయ్యకి ఫోన్ చేసి కారు సర్వీస్‌కి ఇచ్చానని చెప్పాను.

"పర్లేదు తమ్ముడూ, ఇంట్లో ఐప్యాడ్‌లో చూస్తాలే" అంది.

క్లబ్ ఒక గోల్‌తో గెలిచింది. డాక్టరు నన్ను కౌగిలించుకున్నాడు. ఆ జెర్సీతోనే.

వారం తర్వాత రెండో మ్యాచ్. ఆ ఉదయం నేను కాఫీ తాగుతుంటే నా భార్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"అక్కయ్య ఫోన్ చేసింది. మీ కారు బాగైందా అని అడిగింది. కారుకేమైంది?"

నేను చెప్పాను. చెప్పడం మొదలుపెట్టినప్పుడు అది చిన్న విషయంలా ఉంది.

"వీసా ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే భర్త లేని ఎదురింటి పిన్నిగారు ఎదురొచ్చిందని మా నాన్న ఏమన్నారు? కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమన్నారు. అంతే కదా? దానికి మీరు వీధరుగు మీద నిలబడి ఆయన్ని రైలు తప్పిపోయేంతసేపు కడిగేశారు. పెద్దాయన నోరెత్తలేదు."

"అది వేరు. అక్కడ…"

"అవును, వేరే. ఆయన కనీసం తెలుగులో చెప్పారు."

నలభై ఏళ్ల సంసారంలో ఆమె ఇంత పొట్టి వాక్యంతో నన్ను పడగొట్టడం అదే మొదటిసారి. కాఫీ అక్కడే వదిలి కారు తీశాను.

అక్కయ్య తలుపు తీసింది. నేను గుమ్మంలోనే అంతా చెప్పేశాను. కోప్పడుతుందని అనుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి సోఫాలో కూర్చుంది.

"కారు అబద్ధమని నాకు తెలుసు. నువ్వు సర్వీస్‌కిస్తే నీ భార్య కారుంటుందిగా. కానీ నేనొకటి చెప్తాను, నవ్వకు. మొన్న ఇక్కడ ఐప్యాడ్‌లో చూస్తున్నానా, మనవాళ్లు గోల్ కొట్టారు. కొట్టగానే నేను ఆపేశాను. చూస్తే పోతుందేమోనని. స్కోరు సాయంత్రం చూసుకున్నాను."

నేను నవ్వలేదు.

"ముప్పై ఏళ్లు స్లైడ్లు చూశాను తమ్ముడూ. ఎవరి కణం ఎందుకు చెడిందో చెప్పాను. నేనే ఆపేశాను. ఇది ఆయన టీమ్. నావల్ల ఓడిందని ఒక్కసారి నేను నమ్మానంటే, ఇక ఆ గదిలోకి రాలేను. నాకున్నది ఆ గది ఒక్కటే."

ఆమె ఏం పోగొట్టుకోబోతోందో అప్పుడు తెలిసింది. నేను మూఢనమ్మకాల మీద గంటలు గంటలు మాట్లాడగలను. ఆ సోఫా ముందు వచ్చింది రెండు మాటలే. "తప్పయింది అక్కయ్యా" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? అక్కడ చెప్పు" అని చెప్పులేసుకుంది.

మేము బేస్‌మెంట్ మెట్లు దిగేసరికి మ్యాచ్ మొదలైంది. డాక్టరు నా వైపు చూసిన చూపుకి ఈసీజీ తీస్తే గీత అడ్డంగా వచ్చేది. నేను రిమోట్ తీసుకుని సౌండ్ ఆపాను.

"మొన్న నా కారు బాగానే ఉంది. నువ్వు వద్దన్నావు, నేను సరేనని అబద్ధం చెప్పాను. భర్త పోయిన ఆడది అపశకునం అన్నాం. ఇంగ్లిష్‌లో అన్నాం కాబట్టి చదువుకున్నవాళ్లం అనుకున్నాం."

"నేను ఆ మాట అన్లేదు!" డాక్టరు ముఖం ఎర్రబడింది. "జింక్స్ అన్నా. అది స్పోర్ట్స్‌లో అంటారు. అమెరికన్స్ కూడా అంటారు."

"ఓడిన ప్రతి మ్యాచ్‌కీ ఈ గదిలో ఉన్నది ఎవరు? నువ్వు. ఇల్లు నీదే కాబట్టి. ఒక్కటి కూడా మిస్ కాలేదు. నిన్నెవరైనా జింక్స్ అన్నారా? అక్కయ్య భర్త ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి ఎన్ని ఓటములు చూడలేదు? అప్పుడు ఈవిడ జింక్స్ ఎందుకు కాలేదు?"

వరంగలాయన మెల్లగా అన్నాడు, "మనం అన్నది గదే అన్నా. నేనే షురూ చేసిన. అక్కా, తప్పయింది."

అక్కయ్య వచ్చి టీవీకి ఎదురుగా కూర్చుంది. "సౌండ్ పెట్టండి. మీ పంచాయితీకి కార్నర్ మిస్సయింది."

మొదటి సగంలో గోల్స్ లేవు. రెండో సగంలో అవతలివాళ్లు కొట్టారు. రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క సమానమైంది. బంతి వలలో పడ్డ క్షణంలో మా మూడు తలలూ టీవీ మీంచి ఆమె వైపు తిరిగాయి. మూడూ. అంత ప్రసంగం చేసినవాడి తల కూడా. మెడకి డిగ్రీలు లేవు.

"నన్నెందుకు చూస్తారు?" అంది అక్కయ్య. "ఆ రైట్ బ్యాక్‌ని చూడండి. పది నిమిషాలుగా కుంటుతున్నాడు. గోల్ అటువైపు నుంచే కదా వచ్చింది? నేను చూస్తూనే ఉన్నా. చెప్తే మళ్లీ నా నోటి వల్లేనంటారని ఊరుకున్నా."

రీప్లే వచ్చింది. బంతి లేనివాణ్ణి చూశాం. అతను పరుగెత్తలేదు. పరుగెత్తలేకపోయాడు.

డాక్టరు ముందుకి వంగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏ కాలు అక్కయ్యా?"

"కుడి. తొడ వెనక పట్టేసినట్టుంది."

"కాదు, పిక్క అనుకుంటా. మడమ ఆన్చడం లేదు చూడు."

వాళ్లిద్దరూ ఆ కాలి మీద వాదులాడుకోవడం మొదలుపెట్టారు. కోచ్ అతణ్ణి మార్చేదాకా ఆపలేదు.

స్కోరు చెప్పను. మీరు అడుగుతున్నారని తెలుసు. ఓడారంటే "పాపం, అయినా ఆవిడ వెళ్లకుండా ఉంటే" అని ఒక్క క్షణం అనుకుంటారు. గెలిచారంటే ఆవిడ మహాలక్ష్మి అంటారు. రెండూ ఒకే జబ్బు. ఒకదాంట్లో తిడతారు, ఇంకోదాంట్లో దండ వేస్తారు. ఆ సాయంత్రం మైదానంలో జరిగింది ఇరవైరెండు మంది కాళ్లు చేసిన పని. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరి తాళిబొట్టుతోనూ దానికి సంబంధం లేదు. అక్కయ్య ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కీ వస్తోంది.

మీ సంగతికి వద్దాం. మీ ఇంట్లో గృహప్రవేశమో, సీమంతమో, పాప పుట్టినరోజో ఉంది. పిలవాల్సినవాళ్ల జాబితా మీ ఫోన్లో ఉంది. అందులో ఉండాల్సి ఉండి లేని ఒక పేరు మీకు తెలుసు. "ఆవిడకే ఇబ్బందిగా ఉంటుందేమో" అని మర్యాదగా తీసేసిన పేరు. ఈ పేజీ పక్కన పెట్టండి. ఇప్పుడే ఆమెకు ఫోన్ చేసి రమ్మనండి. వస్తే హారతి పళ్లెం ముందుగా ఆమె చేతికే ఇవ్వండి.