రంగుకు రంగు కలిపాను, బండి వెనక్కి నడిచింది

మీ బండి మొరాయిస్తే ముందు మూత విప్పుతారా, నిమ్మకాయ కడతారా?

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. మా వదినకు ఒక కాలు బలహీనం, సైకిల్ తొక్కలేదు. పక్క ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది, మర్నాడే చేరాలి. బడి వేళకు బస్సు లేదు. అందుకని పాత సైకిల్‌కు చక్రంలోనే ఉండే మోటారు, బ్యాటరీ, మోటారును అదుపు చేసే కంట్రోలర్ పెట్టె బిగించాను. మగ్గం మీద తెగిన పోగును అదే రంగు పోగుతో అతికే చేతులు కదా, మోటారు వైర్లనూ కంట్రోలర్ వైర్లనూ రంగుకు రంగు కలిపేశాను.

వాడంతా చూస్తుండగా వదిన యాక్సిలరేటర్ తిప్పింది. బండి గిర్రున వెనక్కి పోయి గోడను గుద్దింది. ఆమె కింద పడింది.

"అమాస నాడు వద్దంటె ఇంటివా! దిష్టి తగిలింది," అంటూ మా అమ్మ నిమ్మకాయ తెచ్చింది. "ఆ కొలువూ వద్దు, ఏం వద్దు."

సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏంది మరిదీ, గట్ల తల దించుకుంటవ్? జర పెట్టె విప్పు," అంది వదిన, మోచేయి దులుపుకుంటూ.

విప్పాను. మోటారు ఒకరు చేసింది, కంట్రోలర్ ఇంకొకరు చేసింది. ఇద్దరి రంగులకూ పొంతన లేదు. చక్రాన్ని గాల్లోకి లేపి, ప్రతిసారీ బ్యాటరీ తీసి, వైర్లు మార్చి చూశాం. ఐదోసారికి చక్రం ముందుకు తిరిగింది.

వదిన వీధి చివరిదాకా పోయి వచ్చింది. "అత్తమ్మా, ఆ నిమ్మకాయ గిట్లియ్యి, షర్బత్ చేస్త!"

అమ్మ కూడా తాగింది. వదిన ఇప్పటికీ ఆ బండి మీదే బడికి వెళ్తుంది.

తప్పు నాది కాబట్టి దిద్దగలిగాను. అమావాస్యదో దిష్టిదో అయితే ఏం చేసేవాణ్ణి? మీ బండికి వేలాడే నిమ్మకాయను ఇవాళే తెంపండి. బ్యాటరీ తీసి, మూత విప్పి చూడండి.