శాలువాలో కోడిపిల్ల

ఒక పెద్దమనిషి పరువును ఒకే ఒక్క కోడిగుడ్డుతో ఎలా కూల్చవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ విద్య నేర్చుకోవడానికి నాకు ఒక్క పూట పట్టింది. మరిచిపోవడానికి మాత్రం ఇన్నేళ్లూ చాలలేదు.

అరవైల మొదట్లో మాట. కోవూరులో వరి తప్ప వేరే లోకం తెలియని ఇంట్లో పుట్టి, మనుబోలుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఒక ఊరికి కోడలిగా వెళ్లాను. మా అత్తకు ఇంటి వెనక చిన్న దొడ్డి ఉండేది. మూడు గేదెలు, నాలుగు మేకలు, కొన్ని బాతులు, లెక్కకు ఎప్పుడూ నిలబడని కోళ్లు. దొడ్డి చిన్నదే కానీ ఊరికి దానితో పని పడని రోజు లేదు. దగ్గొచ్చిన పిల్లలకు మేకపాలు, బాలింత ఉన్న ఇంటికి నెయ్యి, ముంత పట్టుకుని వచ్చిన వాళ్లందరికీ మజ్జిగ. పాలెం నుంచి వచ్చే జాలరి ఆడవాళ్లు మజ్జిగ తీసుకుని చేపలిచ్చి, ఊరి కబుర్లు ఊరికే ఇచ్చి పోయేవాళ్లు.

వచ్చిన మూడు నెలలకే నాకు పశువుల గురించి అంతా తెలిసిపోయిందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

రోజూ పొద్దున పంతులుగారి ఇంటికి పాలు పోసే పని నాది. ఆయన బడి నుంచి రిటైరైన మాస్టరు. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు వాళ్లది. ఆయన భార్య కామాక్షమ్మగారి మడి అంటే వీధి చివర కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. అయితే ఆ ఏడు పంతులుగారికి టైఫాయిడ్ వచ్చి మనిషి సగమయ్యాడు. నెల్లూరు డాక్టరు పాలల్లో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగమన్నాడట. అందుకని పాలచెంబుతో పాటు నా కొంగు చాటున రోజుకో గుడ్డు కూడా వెళ్లేది. ఆయన అరుగు మీదే గుటుక్కున తాగి, పెంకు నా చేతిలో పెట్టేసేవారు.

"మా ఇంటావిడకు తెలిస్తే నన్ను వంటింటి గడప తొక్కనీదమ్మాయ్" అనేవారు రోజూ. నేను రోజూ తల ఊపేదాన్ని.

ఒకనాడు మా అత్త నెల్లూరు ప్రయాణమైంది. వెళ్తూ వెళ్తూ, "గంపలో కూర్చోనుండే కోడి జోలికి పోబాక మే" అని చెప్పింది. ఎందుకు పోకూడదో చెప్పలేదు. నేను అడగలేదు. అన్నీ తెలిసినవాళ్లు అడుగుతారా?

మర్నాడు పొద్దున వెతికితే దొడ్డంతా ఒక్క గుడ్డు లేదు. మబ్బు పట్టిన వారం, కోళ్లు కూడా పని మానుకున్నాయి. గంపలో కోడి మాత్రం మహారాణిలా కూర్చుని ఉంది. కింద చెయ్యి పెట్టాను. అది నా మణికట్టు మీద నాలుగు పోట్లు పొడిచింది. అయినా ఒక గుడ్డు లాగాను. ఎంత వెచ్చగా ఉందనుకున్నారు! ఇంత వెచ్చగా ఉందంటే ఇప్పుడే పెట్టి ఉంటుంది, ఇంతకంటే తాజా గుడ్డు జిల్లాలో దొరకదు అని మురిసిపోయాను.

పంతులుగారు గుడ్డు చూసి, "అయ్యో, ఇయ్యాళ ఏకాదశి. రేపు తాగుతాలే" అన్నారు. అరుగు మీద ఆయన పుస్తకాల చెక్కపెట్టె ఉంది. బడిలో సన్మానానికి ఇచ్చిన శాలువా అందులోనే ఉంటే, దానిలో గుడ్డును చంటిబిడ్డలా చుట్టి మూత వేశారు.

మరునాడు పొద్దున మా దొడ్లో గంప కింద నుంచి పదకొండు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. రాత్రే ఊరి నుంచి వచ్చిన మా అత్త, "పన్నెండు గుడ్లు పెట్టినానే" అని గంప తిరగేసి చూస్తోంది. అప్పుడు కూడా నా బుర్ర వెలగలేదు. పాలచెంబు తీసుకుని బయల్దేరాను.

వెళ్లేసరికి అరుగు మీద ఊరి మునసబుగారు.

"ఈసారి కార్తీక పురాణం మీరే చదవాల పంతులుగారూ. నిష్ఠగల మనిషి కావాలంటుండారు ఊళ్లో" అంటున్నాడు. ఏటా ఆ పీట మీద పొరుగూరి ఆయనను కూర్చోబెట్టేవాళ్లు. పదేళ్లుగా పంతులుగారు ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నారని ఊరంతటికీ తెలుసు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఇంటి ఆచారం సంగతి మీకు తెలియనిదేముంది" అన్నారు.

"కిచ్" అంది పెట్టె.

మునసబుగారు వేళ్లతో అరుగు మీద తట్టి, "కృష్ణ కృష్ణ! బల్లి సత్యం పలికింది చూసినారా" అన్నాడు.

"మా ఇంట్లో బల్లులు జాస్తి" అన్నారు పంతులుగారు.

"కిచ్ కిచ్ కిచ్ కిచ్!"

"ఇంత సత్యం పలికే బల్లిని నేను చూళ్లేదే! ఏ దిక్కున పలకతా ఉండాది?"

పంతులుగారు నా వంక చూశారు. నేను పెట్టె వంక చూశాను. అప్పుడు వెలిగింది, ఆ పన్నెండోది ఎక్కడుందో. నా చేతిలో చెంబు ఒరిగి పాలన్నీ కాళ్ల మీద పడ్డాయి.

"సరే, ఆ పురాణం పుస్తకం ఇట్టా తియ్యండి, ఒకసారి కళ్లకద్దుకుంటా" అంటూ మునసబుగారు మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగండి!" లోపలి నుంచి కామాక్షమ్మగారు తడిచీరతో వచ్చారు. "అది మడి పెట్టె. తలస్నానం చెయ్యకుండా ముట్టకూడదు."

మునసబుగారు నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. "ఇంత నిష్ఠా! ఇంక మాటే లేదు, పురాణం మీదే" అని లేచాడు. ఆయనను సాగనంపడానికి పంతులుగారు వీధి మలుపు దాకా వెళ్లారు.

కామాక్షమ్మగారు పెట్టె తెరిచారు. శాలువా మడతల్లో నుంచి తడి తడిగా ఒక కోడిపిల్ల మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను బావురుమన్నాను.

"గమ్మునుండమ్మాయ్" అన్నారావిడ. "గుడ్డు పంపమని మీ అత్తతో చెప్పింది నేనే. డాక్టరు ముందు నాకే చెప్పినాడు. నా చేత్తో ఇస్తే నా ఆచారం చెడిపోతుందని ఆయన తాగడు. నాకు తెలుసని ఆయనతో అనబాక, రేపటి నుంచి మానేస్తాడు."

ఆ క్షణంలో ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. మడిలో ఉన్నారు కదా అని ఆగాను. పిల్లను ఖాళీ చెంబులో పెట్టుకుని బయటపడ్డాను.

మలుపు దగ్గర పంతులుగారు ఎదురొచ్చి చెంబులోకి తొంగిచూశారు.

"బతికే ఉందా?"

"ఉండాదయ్యా."

"కామాక్షి చూసిందా?"

నేను చెంబు మీద కొంగు కప్పాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"దానికి మొదటి నుంచీ తెలుసులే అమ్మాయ్. దానికి తెలుసని నాకు తెలుసని మాత్రం చెప్పబాక. సిగ్గుపడి గుడ్డు ఆపించేస్తుంది."

ఆనాడే, ఆ వీధి మలుపులో, చెంబులో కోడిపిల్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. గేదె తంతే తన్నించుకుంటాను, కోడి పొడిస్తే పొడిపించుకుంటాను. మొగుడూ పెళ్లాలు ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకునే ప్రేమను మాత్రం ఈ జన్మలో మళ్లీ మొయ్యను.