మా గుడిలో దయ్యం పెండ్లికి ఆమెన్

మా జేజి లెక్కలో సినిమా పాపం, నాటకం పాపం, నవల చదవడం ఇంకా పాపం. కట్టుకథ ఏదైనా అబద్ధమే, అబద్ధం ఎవరిదంటే సాతానుది. జేజి అంటే మా నాయనమ్మ, మిషను బడిలో ఆయాగా పనిచేసి దిగిన మనిషి. ఆమె మాటకు మా పెద్దనాయన కూడా ఎదురు చెప్పేవాడు కాదు. అందుకే నేను చూసిన జపాను బొమ్మల కథను ఆమెకు కథ అని చెప్పలేదు. ప్రొద్దుటూరు స్నేహితురాలికి తెలిసినవాళ్ళ ఇంట్లో జరిగిందని చెప్పాను. ఆ ఒక్క అబద్ధం గుడి దాకా నడిచొస్తుందని నాకేం తెలుసు?

మాది జమ్మలమడుగుకూ ముద్దనూరుకూ నడుమ పల్లె. రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీకి పోయి వచ్చేదాన్ని. పార్టీల గొడవల్లో ఎక్కడైనా బాంబులు పడి బస్సులు ఆగిపోతే ఆరోజు సెలవు. అలాంటి సెలవులు మాకు పండగలకంటే ఎక్కువే ఉండేవి. నా స్నేహితురాలు బంగారు అంగడివాళ్ళ అమ్మాయి. అంగడి మీది గదిలో కంప్యూటరు ఉండేది. వాళ్ళన్న బెంగుళూరు నుంచి తెచ్చిన సీడీల్లో ఈ యానిమే ఒకటి. బొమ్మలు కదులుతూ జపాను భాష మాట్లాడుతుంటే అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి.

అందులో దయ్యాల పెద్దకు ఒక కూతురు. దయ్యాలను తరిమే పూజారికి ఒక కొడుకు. రెండిళ్ళకూ తరాలనాటి పగ. వాణ్ణి చంపి రమ్మని నాయన పంపితే ఆ పిల్ల వాడి బడిలోనే చేరి, వచ్చిన పని మరిచిపోయి, వాడి అన్నం డబ్బాలో సగం తినేస్తుంది. కోపమొస్తే ఆ పిల్ల నెత్తిన కొమ్ములు మొలుస్తాయి. సిగ్గేసినా మొలుస్తాయి. మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

వేరుసెనక్కాయలు ఒలుస్తూ జేజికి రోజుకు కాస్త చెప్పేదాన్ని. దయ్యం ఒకణ్ణి ప్రేమించిందంటే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. బైబిలు నిండా దయ్యాలున్నాయి, పందుల్లో చొరబడినవి బడిలో చేరితే వింతేముంది?

"కోపమొస్తే కొమ్ములా? మీ పెద్దనాయనకు ల్యావా? కనపడవు, అంతే," అంది. "ఆ పిల్లకు బాప్తిస్మం ఇస్తే సరిపాయె. యా ఊరోళ్ళు మే?"

"ఎర్రగుంట్ల పక్క," అన్నాను. నోటికొచ్చిన ఊరు.

ఇందులో నా స్వార్థం నాకుంది. మా అక్క, అంటే పెద్దనాయన కూతురు, పులివెందులలో టీచరు ట్రైనింగు చేస్తూ ఒకతన్ని ఇష్టపడింది. అతనిదీ మా ఊరే, మా గుడే. ఒకే ఊళ్ళో పుట్టినవాళ్ళు నోరు విప్పి మాట్లాడుకోవడానికి పులివెందుల దాకా పోవలసి వచ్చింది, ఎందుకంటే వాళ్ళది ఎదుటి పార్టీ. ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్న పెద్దనాయనను బూతులోంచి ఈడ్చి చేయి విరిచింది ఆ అబ్బాయి నాయనే. అప్పటినుంచి గుడిలో మగవాళ్ళ వైపు కిటికీల దగ్గర మా పార్టీ, తలుపు దగ్గర వాళ్ళ పార్టీ. అక్కకు వేరే సంబంధం చూస్తున్నారు. అక్క అన్నం ముందు కూర్చుని తినకుండానే లేస్తోంది. జేజి ఒప్పుకుంటే తప్ప వేరే దారి లేదు. దయ్యం మీద జాలి పుట్టిస్తే దాన్ని అక్క మీదికి మళ్ళించడం ఎంతసేపని నా తెలివి.

తీరా చూస్తే యానిమే చివర్లో దయ్యాల పెద్ద కూతురి జ్ఞాపకాలన్నీ తుడిచేశాడు. పిల్లవాడు ఎదురొస్తే ఆ పిల్ల "ఎవరు నువ్వు?" అంటుంది. అక్కడితో అయిపోయింది. ఆ ఏడుపు మొహంతోనే ఇంటికొచ్చి జేజికి చెప్పేశాను. జేజి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆదివారం గుడిలో ప్రార్థన మనవులప్పుడు లేచి నిలబడింది.

"ఎర్రగుంట్ల పక్క ఒక పిల్ల ఉండాది. దయ్యాల ఇంట్లో పుట్టింది. మంచి పిల్లోన్ని ఇష్టపడింది. రెండిండ్లకూ పగ. నాయినే ఆ పిల్లకు మతి లేకుండా చేసినాడు. ఆ పెండ్లి జరగాలని అందురూ ప్రార్థన చేయండి."

కిటికీ పార్టీ, తలుపు పార్టీ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నాయి. బయటికొచ్చాక రెండు పార్టీలవాళ్ళూ విడివిడిగా నన్ను పట్టుకుని ఒకటే అడిగారు: "ఆ పిల్ల నాయన యా పార్టీ పాపా?"

ఈ యానిమేకు మూలం మాంగా అనే బొమ్మల పుస్తకమనీ, అందులో కథ ఇంకా నడుస్తోందనీ స్నేహితురాలు చెప్పింది. ప్రొద్దుటూరు ఇంటర్నెట్టు సెంటరుకు పరుగెత్తాను. ఎంత చదివినా జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత వస్తోంది. సెంటరు నడిపే సాయిబు వెనక నిలబడి చూసి, "కుడి నుంచి చదువమ్మా, మా ఉర్దూ మాదిరి," అన్నాడు. అలా చదివితే అన్నం డబ్బా వాసనకు ఆ పిల్లకు అంతా గుర్తొచ్చింది, కొమ్ములు కూడా మొలిచాయి.

మరుసటి ఆదివారం జేజి సాక్ష్యం చెప్పింది. "పిల్లకు గుర్తొచ్చింది! దేవునికి స్తోత్రం!" స్తోత్రాలతో గుడి కప్పు లేచిపోయింది. ఆ ఊపులో పెద్దనాయన, "రెండిండ్లోళ్ళను కూర్చోబెట్టి మాట్లాడితే సరి. రేపు జీపు తీస్తా, ఎర్రగుంట్లకు పోయొద్దాం," అన్నాడు. పరాయివాళ్ళ పగ తీర్చడానికి ఎంత హుషారో!

పోతే అక్కడ ఏ పిల్లా ఉండదు. ఆ మధ్యాహ్నమే జేజికి అంతా కక్కేశాను. ఆ పిల్ల లేదు, జపానువాళ్ళు గీసిన బొమ్మ. నిజంగా ఉన్నది మన అక్క అన్నాను.

జేజి కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "లేని పిల్లకోసం ఊరినంతా మోకాళ్ళ మీద నిలబెడితివి కదే," అంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. తర్వాత అక్కను పిలిచి పిల్లవాడు ఎవరని అడిగింది. అక్క చెప్పగానే జేజి మొహం బిగుసుకుపోయింది.

"దయ్యమైతే బాప్తిస్మం ఇస్తాం. పార్టీకి యాడ ఇస్తాం మే?"

అక్క కదల్లేదు. "ఆ బొమ్మకోసం ఏడిస్తివి జేజీ. నాకోసం ఒకసారి ఏడువు, చాలు," అంది.

ఎర్రగుంట్ల ప్రయాణం జేజే ఆపించింది. ఆదివారం మళ్ళీ మనవులప్పుడు లేచింది. నేను చాప కింద దూరిపోదామనుకున్నాను.

"ఆ దయ్యాల పిల్ల బొమ్మల కతలోది. నేను మోసపోయినా, మిమ్మల్నీ మోసం చేసినా. దేవుడు క్షమించాల. అయితే మీరందురూ ఆమెన్ అంటిరి. మొగం చూడని పిల్లకు, అదీ దయ్యానికి, పగోళ్ళ ఇంట్లో పెండ్లి కావాలని అంటిరి. ఈ పిల్ల నా మనవరాలు. ఇష్టపడింది తలుపుకాడ కూర్చున్న ఆయప్ప కొడుకును. దయ్యానికి ఆమెన్ అని నా మనవరాలికి అననోడు ఉంటే, లేచి నిలబడండి."

లేచింది ఒక్క పెద్దనాయనే. అక్క కళ్ళు మూసుకుంది.

ఆయన తలుపు వైపు తిరిగి ఆ అబ్బాయి నాయనను చూశాడు. ఆ ఎన్నికల తర్వాత నేరుగా చూడటం అదే మొదలు.

"ఏమప్పా," అన్నాడు. "మా ఇంటికి అన్నానికొస్తే, మా వాళ్ళ పక్కన కూర్చుంటారా?"

ఆ మనిషి లేచి, గుడి మధ్యలోంచి నడిచి కిటికీల దగ్గరికి వచ్చాడు. పెద్దనాయన కాస్త జరిగి చోటిచ్చాడు.